తీరీ తీరని చేబదులు

తెలుగు ఇళ్ళలో రోజూ సాగే ఇచ్చిపుచ్చుకోళ్ళలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు ఉంది. ఆ పేర్ల మధ్య ఉన్న తేడాను ఎరిగి నడుచుకునే మనిషినే పల్లె లోకజ్ఞానం ఉన్న మనిషిగా లెక్కగడుతుంది. వడ్డీకి ఒప్పుకొని, కాగితం రాసి తీసుకునేది అప్పు. దుకాణంలో ఖాతా పెట్టి సరుకు తెచ్చుకునేది అరువు. పెళ్ళిలో పెట్టుకోవడానికి హారమో, వంటకు పెద్ద గుండిగో తెచ్చుకొని, పని అయ్యాక ఆ వస్తువునే తిరిగి అప్పగించేది ఎరువు. బియ్యమో, చింతపండో, కాఫీపొడో తెచ్చుకొని, వాడుకొని, అటువంటిదే మరొకసారి తిరిగి ఇచ్చేది బదులు. ఈ బదులే డబ్బు రూపంలో, వడ్డీ లేకుండా, సాక్షి లేకుండా, నాలుగు రోజుల్లోనో నెల తిరిగేలోగానో ఇస్తానన్న మాట మీద చేతి నుంచి చేతికి మారినప్పుడు చేబదులు అవుతుంది. బ్యాంకు లెక్కల్లోకి గాని, ఆర్థికశాస్త్ర గ్రంథాల్లోకి గాని ఇది పెద్దగా ఎక్కదు, ఎందుకంటే ఇందులో మొత్తం చిన్నది, గడువు చిన్నది, రాత అన్నది అసలే లేదు. అయినా ఒక మనిషి స్వభావం ఎలా రూపుదిద్దుకుంటుందో తెలుసుకోవాలంటే ఇంతకంటె దగ్గరి దారి మరొకటి దొరకడం కష్టం.

వ్యక్తిత్వ వికాసం పేరిట నేడు వెలువడుతున్న పుస్తకాలలో, ప్రసంగాలలో ఎక్కువగా వినిపించే సలహా ఒకరి మీద ఆధారపడకుండా బతకమన్నది. ఆ సలహాలో సత్యం ఉంది. కూలిడబ్బు తన చేతికి వచ్చిన స్త్రీకి, చదువు పూర్తిచేసి తొలి జీతం అందుకున్న యువకుడికి ఆ మాట విలువ బాగా తెలుసు. కానీ పశ్చిమ ప్రకాశంలోని మెట్ట పల్లెల జీవనాన్ని కొంచెం నిదానంగా చూస్తే, అక్కడ మనిషి పెద్దరికాన్ని కొలిచే కొలబద్ద మరొకటి కనిపిస్తుంది: అవసరం వచ్చినప్పుడు అతడు ఎవరి గడప ముందు నిలబడి అడగగలడు, ఎవరు వచ్చి తన గడప ముందు నిలబడి అడగడానికి జంకరు అన్న రెండు ప్రశ్నలకు దొరికే జవాబే ఆ కొలబద్ద. అడగడం, ఇవ్వడం, తీసుకోవడం, తిరిగి ఇవ్వడం, తిరిగి రాకపోతే ఓర్చుకోవడం అనే ఈ అయిదు పనులూ విడివిడిగా నేర్చుకోవలసిన విద్యలే. వీటిని నేర్పే బడి ఎక్కడో లేదు, పక్కింటి వాకిలే ఆ బడి.

బేస్తవారిపేట ఇటువంటి జీవనానికి నడిబొడ్డున ఉన్న ఊరు. పేరును దీర్ఘంతో పలికితే బేస్తవారం, అంటే గురువారం వినిపిస్తుంది. వాడుకలో దానిని హ్రస్వంతో పలికేవారి నోట చేపలు పట్టే బెస్తలు వినిపిస్తారు. పేట అన్న మాటకు అంగడి వీధి అన్న అర్థం ఎలాగూ ఉంది. ఒక చెంప గిద్దలూరు, ఒక చెంప కంభం, ఇంకొక చెంప మార్కాపురం ఉన్న ఈ ప్రాంతం నల్లమల, వెలిగొండ కొండల నడుమ పరుచుకున్న నేల. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో ఆ కొత్త జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. కర్నూలుతో అంతకాలం కలిసి ఉన్నందువల్ల ఇక్కడి మాటలో, వరసల్లో, వ్యవసాయపు అలవాట్లలో రాయలసీమ పోలిక బలంగా కనిపిస్తుంది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద తవ్విన సొరంగాల గుండా కృష్ణా వరదనీటిని ఈ ప్రాంతానికి తేవలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ నీటి కోసం ఎదురుచూస్తూనే ఒక తరం పెద్దదయింది. వాన మీద, బోరు మీద ఆధారపడిన చేలల్లో కందీ, సజ్జా, పత్తీ, మిరపా పండించే కుటుంబానికి ఏడాది పొడవునా చేతిలో డబ్బు ఆడదు. పంట అమ్మిన నెలలో ఉన్న ఇల్లు విత్తనాలు కొనవలసిన నెలలో లేని ఇల్లవుతుంది. అయితే అన్ని ఇళ్ళకూ ఒకే రోజున లేమి రాదు. ఒకరి మిరపకాయలు అమ్ముడుపోయిన వారంలోనే మరొకరి గేదె వట్టిపోతుంది, ఒకరి కొడుకు పట్నం నుంచి డబ్బు పంపిన రోజే మరొకరి బిడ్డకు జ్వరం తగులుతుంది. ఈ హెచ్చుతగ్గులు వేర్వేరు రోజుల్లో రావడమే చేబదులును సాధ్యం చేసిన ఆర్థిక కారణం.

దీనికి చాలా ముందే పొలంలో మరొక బదులు నడిచింది. ముయ్యి అన్నది రాయలసీమలో బాగా వాడుకలో ఉన్న పాత ద్రావిడ పదం. ఒక రైతు చేలో ఇంకొక రైతు కుటుంబం వచ్చి పనిచేస్తే, ఆ రైతు కుటుంబం కూలి ఇవ్వకుండా వారి చేలో అన్ని రోజుల పనినీ తిరిగి చేయడం ముయ్యి. పెళ్ళిలో ఒకరు పెట్టిన కానుకకు బదులుగా వారింటి పెళ్ళిలో పెట్టే కానుకకూ ఇదే పేరు ఉంది. కన్నడంలో ముయ్యి, తమిళంలో మొయ్ అన్నవి దీని తోబుట్టువులు. తమిళనాడులోని పుదుక్కోట్టై, తంజావూరు ప్రాంతాలలో అవసరం పడిన కుటుంబం ఊరిని భోజనానికి పిలిచి, వచ్చినవారంతా డబ్బు ఇచ్చి, పుస్తకంలో పేరు రాయించి వెళ్ళే మొయ్ విందులు నేటికీ జరుగుతున్నాయి. బదులు అన్న మాట మాత్రం అరబీలో మార్పిడి అనే అర్థమున్న పదం నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. వచ్చిన తర్వాత అది తెలుగులో ఎంతగా కుదురుకుపోయిందంటే, ప్రశ్నకు చెప్పే జవాబునూ బదులు అన్నారు, ఒకరి స్థానంలో మరొకరు నిలబడడాన్నీ బదులు అన్నారు, తెచ్చుకొని తిరిగి ఇచ్చేదాన్నీ బదులు అన్నారు. పలికినవారికి పలకడం, లేనివారి చోట నిలవడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడం ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇది యాదృచ్ఛికంగా జరిగినా, దీన్ని మించిన నిర్వచనం ఇరుగుపొరుగు సంబంధానికి ఏ శాస్త్రమూ ఇవ్వలేదనిపిస్తుంది.

ఇంటి లోపలి బదులులో అన్నిటికంటె సూక్ష్మమైనది తోడు. కాచి చల్లార్చిన పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది. ఆ చెంచాడు మజ్జిగను తోడు అంటారు, పెరుగు అయ్యేట్టు వేయడాన్ని తోడుపెట్టడం అంటారు. ఇంట్లో పెరుగు పూర్తిగా అయిపోయిన రోజున తోడు పక్కింటి నుంచి రావలసిందే. శాస్త్రం చెప్పేదేమంటే ఆ చెంచాలో ఉన్నవి పాలను పులియబెట్టే సూక్ష్మజీవులు. అవి ఒక ఇంటి గిన్నెలో నుంచి మరొక ఇంటి గిన్నెలోకి వెళ్ళి, వారం తిరిగేసరికి మూడో ఇంటికి చేరతాయి, కొన్నాళ్ళకు మొదటి ఇంటి పెరుగు చెడిపోయినప్పుడు ఆ ఇంటివారు తమదే అయిన తోడును తమకు తెలియకుండానే వెనక్కి తెచ్చుకుంటారు. ఇందులో ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తేల్చడం సాధ్యమయ్యే పని కాదు. పాలల్లో వేసే ఆ చెంచాడు మజ్జిగకూ, దారిలో వెంట నడిచే మనిషికీ తెలుగులో ఒకే మాట ఉండడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

ఈ చిన్న బదుళ్ళకు రాయని నియమాలు చాలా ఉన్నాయి. దీపాలు పెట్టిన తర్వాత ఉప్పు, పెరుగు, డబ్బు ఇవ్వకూడదన్నది ఒకటి. శుక్రవారం నాడు ఇంటి నుంచి లక్ష్మిని పంపకూడదన్నది ఇంకొకటి. ఉప్పును చేతిలో నుంచి చేతిలోకి వేయకుండా కింద పెడితే తీసుకోవాలన్నది మరొకటి. వీటిని మూఢనమ్మకాలుగా తీసిపారేసేవారు వాటిలో దాగిన ఒక సౌకర్యాన్ని గమనించరు: ఇవ్వలేని ఇల్లాలు తన లేమిని బయటపెట్టకుండా, అడిగిన మనిషిని కాదనకుండా, దీపాలు పెట్టేశాం వదినా అన్న ఒక్క మాటతో ఇద్దరి మర్యాదనూ కాపాడగలుగుతుంది. తీసుకెళ్ళిన గిన్నెను ఒట్టిదిగా తిరిగి పంపకూడదన్నది వీటన్నిటిలోకీ అందమైన నియమం. గిన్నెలో రెండు మునక్కాయలో, కాసిని కందికాయలో, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారో వేసి పంపుతారు. అలా పంపిన ఆ కొంచెం వల్ల ఇచ్చిన ఇల్లు మళ్ళీ పుచ్చుకున్న ఇల్లవుతుంది, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

అడగడానికి పిల్లలను పంపడం ఈ విద్యలో మరొక మెట్టు. ఏడెనిమిదేళ్ళ పిల్ల గ్లాసు పట్టుకొని పక్కింటి గడప దగ్గర నిలబడి, అత్తా, అమ్మ కాసిని కాఫీపొడి అడిగి తెమ్మంది అని చెబుతుంది. ఉంటే అత్త గ్లాసులో పోస్తుంది, లేకపోతే అయిపోయిందమ్మా అంటుంది, పిల్ల మొహంలో ఏ చిన్నబోవడమూ లేకుండా ఇంకొక ఇంటికి పరుగెత్తుతుంది. పెద్దవాళ్ళు ఎదురెదురుగా నిలబడితే కాదనడం కష్టమయ్యేది, కాదనిపించుకోవడం అంతకంటె కష్టమయ్యేది. ఆ బరువును పిల్ల తెలియకుండానే తేలికచేస్తుంది. అదే సమయంలో ఆ పిల్ల చాలా నేర్చుకుంటుంది. ఎవరిని అత్త అనాలో, ఎవరిని పిన్నమ్మ అనాలో, ఎవరిని అవ్వ అనాలో, అంటే వరసలు కలపడం నేర్చుకుంటుంది. వరస అంటే రక్తసంబంధం లేనివారిని సైతం బంధువుల పేరుతో పిలిచి, ఆ పిలుపుకు తగిన చనువూ హద్దూ ఏర్పరచుకునే పద్ధతి. ఏ ఇంట్లో వాకిట నిలబడి అడగాలో, ఏ ఇంట్లో నేరుగా వంటింట్లోకి పోవచ్చో తెలుసుకుంటుంది. ఇవ్వలేకపోయిన మనిషి మీద కోపం పెట్టుకోనక్కరలేదన్నది అన్నిటికంటె ముందే నేర్చుకుంటుంది. ఈ చివరి పాఠం పెద్దయ్యాక నేర్చుకోవడం ఎంత కష్టమో, స్నేహాలు చెడగొట్టుకున్న ప్రతి మనిషికీ తెలుసు.

పెద్దవారి విషయానికి వస్తే, అడ్డుపడేది మొహమాటం. ఎదుటివారిని ఇబ్బంది పెడతామేమో అన్న బెరుకూ, తమ అవసరం బయటపడుతుందన్న సిగ్గూ కలిసిన భావం అది. ఇందులో మొదటి సగం సౌజన్యం, రెండో సగం అభిమానం. కాదంటారేమో అన్న భయం నిజంగా ఎంతవరకు సబబో పరీక్షించిన పరిశోధన ఒకటి అమెరికాలో జరిగింది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ 2008లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, ముక్కూమొహం తెలియనివారిని సెల్‌ఫోను ఒకసారి ఇమ్మని అడగమని కొందరికి చెప్పారు. ముగ్గురు ఒప్పుకోవాలంటే సుమారు పదిమందిని అడగవలసి వస్తుందని వారు ముందుగా అంచనా వేసుకున్నారు, తీరా అడిగితే ఆరుగురితోనే పని అయిపోయింది. అడిగేవాడు సాయం చేయడంలో పడే శ్రమను మాత్రమే లెక్కపెట్టుకుంటాడు, ఎదుటివాడికి కాదని చెప్పడం ఎంత కష్టమో ఊహించలేడు అన్నది ఆ పరిశోధకులు చెప్పిన కారణం.

అడగడం వల్ల ఎదుటివారికి భారం మాత్రమే కలుగుతుందన్న నమ్మకాన్ని తలకిందులు చేసే సంగతి ఒకటి బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. పెన్సిల్వేనియా శాసనసభలో తనను వ్యతిరేకిస్తున్న ఒక సభ్యుడి దగ్గర అరుదైన పుస్తకం ఉందని విని, దాన్ని కొన్నాళ్ళు చదువుకోవడానికి ఇమ్మని చీటీ రాసి తెప్పించుకొని, వారం రోజుల్లో కృతజ్ఞతతో తిరిగి పంపాడు. ఆ సభ్యుడు ఆ తర్వాత జీవితాంతం స్నేహితుడిగా నిలిచాడు. మన మాటల్లో చెప్పాలంటే ఫ్రాంక్లిన్ పుస్తకాన్ని ఎరువు తెచ్చుకున్నాడు. మనం మేలు చేసిన మనిషి మీద మనకు ఇష్టం పెరుగుతుందన్న ఈ సూత్రాన్ని జెకర్, లాండీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1969లో ప్రయోగం ద్వారా పరిశీలించి, అది చాలావరకు నిజమేనని చూపారు. పక్కింటికి కొత్తగా కాపురం వచ్చినవారు మొదటి రోజునే అగ్గిపెట్టె అడిగితే పాతకాపుల మొహం విప్పారడానికి కారణం ఇదే కావచ్చు. అగ్గిపెట్టె ఇచ్చిన ఇల్లు ఆ కొత్తవారిని ఇక పరాయివాళ్ళుగా చూడలేదు.

ఇక తిరిగి ఇవ్వడం. ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు మార్సెల్ మౌస్ 1925లో వెలువరించిన ప్రసిద్ధ వ్యాసంలో, కానుకల మీద నడిచే సమాజాలలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు పనులూ విధులుగానే ఉంటాయని, కానుక పుచ్చుకోనని తిరస్కరించడం పోరుకు కాలుదువ్వడంతో సమానమని వివరించాడు. నైజీరియాలోని టివ్ ప్రజల మధ్య పనిచేసిన మానవశాస్త్రజ్ఞురాలు లారా బొహానన్ అనుభవం దీనికి చక్కని ఉదాహరణ. ఇరుగుపొరుగు స్త్రీలు ఆమెకు కూరగాయలూ, గుడ్లూ తెచ్చి ఇచ్చారు, వాటికి ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలని తర్వాత చెప్పారు, అయితే సరిగ్గా అంతే విలువైనది మాత్రం ఇవ్వకూడదట. కొంచెం తక్కువో, కొంచెం ఎక్కువో ఉండాలి. సరిసమానంగా ఇస్తే నీతో నాకిక పని లేదన్నట్టే అర్థం. బేస్తవారిపేట ఇల్లాలు గిన్నెలో వేసి పంపే రెండు మునక్కాయలూ, టివ్ స్త్రీ ఒక గుడ్డు ఎక్కువగా ఇవ్వడమూ ఒకే వివేకం నుంచి పుట్టాయి. లెక్క తేలిపోయిన చోట రాకపోకలకు కారణం మిగలదని ఎవరూ నేర్పకుండానే రెండు ఖండాల ఆడవాళ్ళు గ్రహించారు.

తెలుగు పెళ్ళిళ్ళలోని చదివింపులు ఈ వివేకానికి బహిరంగ రూపం. పందిట్లో ఒక మనిషి పుస్తకం పట్టుకొని కూర్చుంటాడు. వచ్చిన బంధువులు ఇచ్చిన మొత్తాన్ని పేరుతో సహా రాసుకొని, అందరికీ వినబడేట్టు చదువుతాడు కాబట్టి అవి చదివింపులయ్యాయి. నూరు అని ఎవరూ చదివించరు, నూటపదహార్లు అని చదివిస్తారు. నిజాం రాజ్యపు హాలీ సిక్కా నూటపదహారుకు కొంచెం పైబడితే బ్రిటిషు రూపాయలు నూరు వచ్చేవని, అక్కడి నుంచే ఈ అంకె వచ్చిందని ఒక వివరణ ప్రచారంలో ఉంది. కారణం ఏదైనా, గుండ్రని అంకె మీద మిగిలే పదహారు లెక్కను మూయనివ్వని పదహారు. పెళ్ళి అయిపోయాక ఆ పుస్తకం పెట్టె అడుగుకు చేరుతుంది, పదిహేనేళ్ళకు అవతలి ఇంట్లో పెళ్ళి కుదిరినప్పుడు పైకి వస్తుంది. వారు అప్పట్లో ఎంత చదివించారో చూసి, రూపాయి విలువ తగ్గిన సంగతిని మనసులో కలుపుకొని, దాని మీద ఇంకొంత వేసి చదివిస్తారు. ప్రామిసరీ నోటు రాసిన బాకీకి చట్టప్రకారం మూడేళ్ళలో కాలదోషం పడుతుంది. చదివింపుల పుస్తకానికి ఆ దోషం లేదు, తండ్రి పేరు మీద ఉన్న పద్దును కొడుకు తీరుస్తాడు. ఇందులో పోటీ, పరువు, ఎత్తిపొడుపు లేవని చెప్పడం అబద్ధమవుతుంది. చదివింపు తక్కువైందని మాటలు పడిన పేదబంధువు భోజనం చేయకుండా పందిరి దాటిన సందర్భాలు ప్రతి ఊరికీ తెలుసు, ఆ మనిషి పడిన బాధను ఏ సంప్రదాయమూ సమర్థించలేదు.

ఈ మాట దగ్గర ఆగి చెప్పవలసినది మరొకటి ఉంది. తిరిగి ఇవ్వగలిగిన ఇద్దరి మధ్య ఉన్నంతవరకే బాకీ అనుబంధం; తిరిగి ఇవ్వలేనని ఒకరికి ముందే తెలిసిన చోట అదే బాకీ సంకెల. ఆసామి దగ్గర తెచ్చిన కొద్ది మొత్తానికి తండ్రి జీతగాడుగా చేరితే, అసలు తీరకముందే కొడుకు ఆ కాడి కిందికి వచ్చే పద్ధతి తెలుగు నేల మీద ఎంతోకాలం సాగింది. వెట్టిచాకిరీని దేశమంతటా రద్దుచేసే చట్టం 1976లో వచ్చింది. అంతేగాక తోడు పెట్టిన గిన్నె ఊరంతా తిరగలేదు. అది కులం గీసిన గీత దగ్గర ఆగిపోయింది. మాలపల్లె, మాదిగపల్లె స్త్రీలు పొలంలో ముయ్యికి సమానమైన కష్టం చేసినా, ఊరి వంటిళ్ళ బదుళ్ళలో వారికి చోటు దక్కలేదు. ఇచ్చిపుచ్చుకోవడంలోని సౌందర్యాన్ని పొగిడే రచన ఏదైనా ఈ గీతను దాటవేస్తే అది సగం సత్యమే అవుతుంది. నేడు బడిలో పక్కపక్కన కూర్చునే పిల్లలు పెన్సిలూ, రబ్బరూ, అన్నంలోకి ఊరగాయా ఇచ్చిపుచ్చుకోవడం చూసినప్పుడు, పెద్దలు నడవలేని దూరాన్ని ఆ చిన్న బదుళ్ళు నడిచాయన్న ఆశ కలుగుతుంది.

డబ్బు వ్యవహారంలోకి సంస్థలు ప్రవేశించాక ఇరుగుపొరుగు సంబంధం రెండు విధాలుగా మారింది. పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేవడం, ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి దారితీయడం తెలిసిన చరిత్రే. అదే ఊపులో రోజుకు ఒక రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు పుట్టి పెరిగాయి. పదిమంది గుండ్రంగా కూర్చొని, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడి, తీర్మానం రాసి, సంతకం పెట్టడం అన్న అలవాటు అప్పటిదాకా గడప దాటి మాట్లాడని స్త్రీలను ఎంత మార్చిందో చెప్పడానికి మాటలు చాలవు. వికాసం అన్న పదానికి ఈ ప్రాంతంలో చూపించదగిన మొదటి అర్థం అది. తర్వాత వచ్చిన ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు అదే గుంపును మరొక విధంగా వాడుకున్నాయి. ఒకరు కిస్తు కట్టలేకపోతే మిగతావారు కట్టాలన్న ఉమ్మడి పూచీ పద్ధతిలో తాకట్టు పెట్టింది బంగారమో, భూమో కాదు, పక్కింటివాళ్ళ ముందు తలెత్తుకొని తిరిగే హక్కు. వారం వారం కిస్తు రోజున అక్కా చెల్లీ అని పిలుచుకున్నవారే ఒకరి వాకిట మరొకరు కూర్చొని నిలదీయవలసిన గతి పట్టింది, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళను కట్టడి చేసింది. చేబదులులో సంబంధం ముందు, డబ్బు వెనక. సూక్ష్మరుణంలో డబ్బు ముందు వచ్చి సంబంధాన్ని పూచీగా రాయించుకుంది. రెండింటిలోనూ చేతులు మారిన మొత్తం ఒక్కటే అయి ఉండవచ్చు.

ఇక వలస. బోర్లు ఎండిన ఏడాదుల్లో ఈ ప్రాంతపు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకూ, హైదరాబాదు, బెంగుళూరు వైపు కట్టడపు పనులకూ వెళ్ళడం చాలాకాలంగా ఉన్నదే. తాళం వేసిన ఇంటి తాళంచెవి పక్కింట్లో ఉంటుంది. దానితోపాటు చెప్పకుండానే ఇంకా చాలా బాధ్యతలు అప్పగింత అవుతాయి. వెనక ఉండిపోయిన ముసలి తల్లికి బిళ్ళలు తెచ్చిపెట్టడం, రేషన్ తేదీ గుర్తుచేయడం, వాన పడితే మిద్దె మీద నీళ్ళు నిలిచాయేమో చూడడం లాంటివన్నీ ఆ తాళంచెవికి కట్టిన పనులే. వీటికి కూలి కట్టి ఇవ్వబోతే పక్కింటి మనిషి నొచ్చుకుంటుంది, ఊరకే చేయించుకుంటే వెళ్ళినవారు కుంగిపోతారు. అందుకే వలస నుంచి తిరిగివచ్చేవారు పట్నం నుంచి చీరో, పిల్లలకు చొక్కాలో, ఏమీ కాకపోతే పెద్ద బ్రెడ్డు పొట్లమో తెస్తారు. అది చేసిన పనికి ధర కాదని ఇద్దరికీ తెలుసు. ఆ పనిని మరచిపోలేదన్న సంగతి చెప్పడానికే దాన్ని తెస్తారు.

2016లో యూపీఐ పద్ధతి మొదలైన తర్వాత చేబదులు ఫోన్లోకి వచ్చింది. వందల మైళ్ళ దూరంలో ఉన్న తమ్ముడు నిమిషంలో అయిదువందలు పంపగలుగుతున్నాడు. వేళకాని వేళలో ఆస్పత్రికి వెళ్ళవలసిన మనిషికి ఇది ఎంత పెద్ద మేలో ఆ మనిషే చెప్పాలి. అయితే ఫోను తేదీతో, గంటతో, నిమిషంతో సహా గుర్తుపెట్టుకుంటుంది. నోటిమాట మీద నడిచిన చేబదులులో మరుపుకు చోటుండేది. ఇచ్చినవారు మరిచిపోయినట్టు ఉండడం, తీసుకున్నవారు ఆలస్యమైనా తామే గుర్తుచేసుకొని తెచ్చి ఇవ్వడం, ఆ తెచ్చి ఇచ్చిన క్షణంలో అయ్యో, ఇప్పుడేం తొందరని ఇద్దరూ నవ్వుకోవడం ఉండేవి. తెర మీద పాత పద్దు కనబడుతూ ఉంటే మరిచిపోయినట్టు ఉండడానికి మునుపటి కంటె పెద్ద మనసు కావాలి. పంపిన మొత్తం అంతే తిరిగి రావడం, రూపాయి ఎక్కువా తక్కువా లేకపోవడం ఇప్పుడు మర్యాద అయింది. చిల్లర లేదని పది రూపాయలు ఉంచుకోమనడం, ఆ పదికి బదులు మర్నాడు నిమ్మకాయలు పంపడం తెర మీద కుదరవు.

గిన్నె మాత్రం ఇంకా నడుస్తోంది. పిల్లలు హాస్టళ్ళలో ఉన్న ఇళ్ళలో గ్లాసు పట్టుకొని పరుగెత్తేవారు లేక, అరవయ్యేళ్ళ మనిషి తానే చెంగు కింద గిన్నె పెట్టుకొని పక్కింటికి వెళ్ళి, కొడుకూ కోడలూ బెంగుళూరు నుంచి రేపు వస్తున్నారు, పాలు తోడుపెట్టాలని చెబుతుంది. పక్కింటి వదిన చెంచాడు మజ్జిగ పోస్తుంది, మనవరాలికని రెండు జంతికలు కూడా చేతిలో పెడుతుంది. కొడుకూ కోడలూ నాలుగు రోజులుండి వెళ్ళిపోయిన తర్వాత ఆ గిన్నె ఈ ఇంటి గూట్లో వారం పది రోజులు ఉంటుంది, ఎందుకంటే పెరట్లో బీరపాదు ఇప్పుడిప్పుడే పూతకు వచ్చింది, కాయ ఎదిగేదాకా దాన్ని ఒట్టిగా పంపడానికి ఆమెకు మనసొప్పదు.